బయాస్ గుమ్మం

చేవెళ్లలోని మా యింటి కంప్యూటరు ఈ మధ్య పాస్‌వర్డు అడిగే తెర దాకా వచ్చి, ఆపై స్తంభించిపోయేది. అందులో నా ముప్ఫై యేళ్ల వ్యాకరణ పాఠాలున్నవి. పెన్‌డ్రైవుతో యంత్రాన్ని నడిపి వాటిని దక్కించుకొందామంటే ముందు బయాస్‌లోకి పోవాలి. డిలీట్ మీటను ఎన్ని మార్లు నొక్కినా తలుపు తెరుచుకోలేదు.

ఈ తలుపు చరిత్ర చిత్రమైనది. బయాస్ అన్న పేరు 1975లో గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎమ్ కోసం పెట్టినది. 1981 నాటి ఐబీఎం పీసీలో అమరికలు మార్చాలంటే పెట్టె విప్పి చిన్న చిన్న స్విచ్చులు జరపవలసిందే. 1984 నాటి ఏటీలో ఆ పని ఫ్లాపీతో జరిగేది. డిలీట్, ఎఫ్2 మీటల వాడుక ఆ తరువాతిది. 2012లో విండోస్ 8 వచ్చేసరికి కొత్త యంత్రాలు ఎంత వేగంగా మేలుకొన్నవంటే, మీట నొక్కడానికి సెకనులో అయిదోవంతు వ్యవధి కూడా మిగలలేదు. అందుకని విండోస్ లోపలి నుండే మరొక దారి ఏర్పరచినారు.

మొయినాబాదులో ఇంజనీరింగు చదివే కుర్రవాడొకడు వచ్చి, "సార్, ఈ తెర మీదే షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కండి" అన్నాడు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ - వరుసగా మూడు మెట్లు. పాఠాలు దక్కినవి.

అన్నాళ్లూ నేను పాత గుమ్మమే తట్టుతూ ఉన్నాను.