గుండె మార్చుకున్న గూడ్సింజను

పెళ్లివారింట్లో జనరేటరు మోత మీకు తెలియంది కాదు. ముహూర్తం వేళకు కరెంటు పోతే పరువు పోతుందని పందిరి వెనకాల ఒకటి తెచ్చి నిలబెడతారు. అది డబడబలాడుతూ, పొగ కక్కుతూ ఉంటే ఇటు పందిట్లో రంగురంగుల బల్బులు వెలుగుతాయి, ఫాన్లు తిరుగుతాయి. కాసేపటికి లైన్లో కరెంటు వస్తుంది. జనరేటరు నోరు మూయిస్తారు. బల్బులు అవే, ఫాన్లు అవే. ఎక్కణ్ణుంచి వచ్చిన కరెంటో వాటికి పట్టదు.

డీజిలు రైలింజను కడుపులో జరిగేది కూడా ఇదేనంటే చాలామంది నమ్మరు. లారీలో లాగా ఇంజను తిరిగితే చక్రాలు తిరుగుతాయనుకుంటారు. కాదండీ! మన దేశంలో గూడ్సుబండ్లు లాగిన పెద్ద డీజిలింజన్లలో డీజిలు మండి తిప్పేది ఆల్టర్నేటరును. అది కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు వెళ్లి చక్రాల దగ్గర ఉన్న మోటార్లను తిప్పుతుంది. అంటే పేరుకు డీజిలింజనే గానీ, అది తన కరెంటాఫీసును తన నెత్తినే పెట్టుకుని తిరిగే ఎలక్ట్రిక్ ఇంజను. మరి పట్టాల పొడుగునా పైన కరెంటు తీగ వచ్చేశాక ఆ జనరేటరును దించేసి, తీగకు తగిలిస్తే సరిపోదూ?

సరిపోతుందనే వారణాసిలో 2017 డిసెంబరు 22న పని మొదలుపెట్టారు.

వారణాసే ఎందుకంటే, అది డీజిలింజన్ల పుట్టిల్లు. మనకు కరెంటు రైలు కొత్తేమీ కాదు. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు మొదటిది నడిచింది. కానీ దేశమంతటా తీగలు లాగడమంటే మాటలా? అందుకని బొగ్గింజన్లను సాగనంపే బరువు చాలావరకు డీజిలు మీదే పడింది. అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి విద్య నేర్చుకుని వారణాసిలో డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ పెట్టారు. అక్కడ తయారైన తొలి ఇంజను 1964 జనవరిలో బయటికొచ్చింది. తమాషా ఏమిటంటే, విద్య నేర్పిన ఆల్కో 1969లో ఇంజన్లు చేయడం మానేసింది. మనవాళ్లు మాత్రం ఆ వంశాన్ని పెంచి పెద్దచేస్తూనే ఉన్నారు. ఆ వంశంలో గూడ్సుల కోసం పుట్టిన బిడ్డే డబ్ల్యుడిజి-3ఎ. మన స్టేషన్లలో నల్లటి పొగ చిమ్ముతూ సిమెంటు, బియ్యం, బొగ్గు లాక్కుపోయిన ఇంజన్లలో ఇవీ ఉన్నాయి.

రైల్వేలో ఇంజనుకు ఆయుర్దాయం 36 ఏళ్లని లెక్క. సగంలో, అంటే 18 ఏళ్లకు, దాన్ని పూర్తిగా విప్పి పెద్ద మరమ్మతు చేస్తారు. మనిషికి షష్టిపూర్తి లాంటిదనుకోండి, కాస్త ముందుగా వస్తుంది, అంతే. దానికి సుమారు 5, 6 కోట్లవుతుందని రైల్వేవారి లెక్క. అంత డబ్బు పోసి మళ్లీ డీజిలు తాగే ఇంజన్నే నిలబెట్టడమెందుకు, అందులో సగం ఖర్చుతో కరెంటింజనుగా మార్చేద్దాం అన్నారు. పైగా బ్రాడ్‌గేజి లైన్లన్నిటికీ తీగలు లాగాలని కేంద్రం 2018లో తీర్మానించింది కూడా. తీగల కింద డీజిలు కాల్చుకుంటూ పోవడం, కుళాయి పక్కన కూర్చుని బిందె నీళ్లు కొనుక్కోవడమే కదా!

డీజిలింజను తీసేశారు. టాంకులో డీజిలుతో పని లేదు. పైకప్పు మీద తీగను తాకే పాంటోగ్రాఫు పెట్టారు. ఇక లోపల కావలసింది ట్రాన్స్‌ఫార్మరు. ఎందుకంటే మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులైతే ఆ తీగలో పారేది 25,000 వోల్టులు. దాన్ని దించి, మచ్చిక చేసి మోటార్లకు పంపాలి. చెప్పినంత సులువేమీ కాదు. ఇంజనుకు బరువు కూడా ఒక బలం. తేలికపాటి రోట్లో పిండి రుబ్బిచూడండి, పిండి కన్నా ముందు రోలే కదిలిపోతుంది. ఇంజను తేలికైతే చక్రాలు పట్టాల మీద జారతాయి, వెనక బండి కదలదు. అంత బరువైన డీజిలు యంత్రాన్ని తీసేస్తే, వచ్చే సామాను ఆ బరువునీ, ముందువెనకల సమతూకాన్నీ నిలపాలి. మొత్తానికి 69 రోజుల్లో, 2018 ఫిబ్రవరి 28 నాటికి రెండింజన్లను మార్చి, వీపూ వీపూ కలిపి జంట చేశారు. ఒక్కొక్కటీ 2,600 అశ్వశక్తి నుంచి 5,000కు ఎదిగింది, జంటగా 10,000. మోసుకు తిరిగే జనరేటరు ఎంత పుట్టించగలిగితే అంతే శక్తి. తీగకు ఆ హద్దు లేదు. 2019 ఫిబ్రవరి 19న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ వారణాసిలో ఆ జంటకు పచ్చజెండా ఊపారు.

ఇలాంటి మార్పులు ఇంతకు ముందూ జరిగాయి. బ్రిటన్‌లో గాస్ టర్బైనుతో నడిచే ఒక ఇంజనుండేది. 1958లో దాని టర్బైను తీసేసి 25,000 వోల్టుల తీగకు తగ్గట్టు మార్చారు. కొత్త కరెంటింజన్లు రాకముందే డ్రైవర్లకు దాని మీదే పాఠాలు చెప్పారు. నాకు అంతకన్నా ముచ్చటేసింది స్విట్జర్లాండువాళ్ల కథ. రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో వాళ్లకు బొగ్గు కరువు, జలవిద్యుత్తు మాత్రం పుష్కలం. రెండు చిన్న ఆవిరింజన్ల నెత్తిన పాంటోగ్రాఫు పెట్టి, తీగలోని కరెంటుతో నీళ్లు కాచి, ఆ ఆవిరితో చక్రాలు తిప్పారు! బకెట్లో వాటర్ హీటరు వేసి స్నానానికి నీళ్లు కాచుకోవడం మనకు తెలుసు గానీ, దానితో రైలు నడపడం ఏ ఇల్లాలి ఊహకందుతుంది? యుద్ధం ముగిసి బొగ్గు దొరికాక ఆ హీటర్లు తీసేశారనుకోండి.

మళ్లీ మన జంట దగ్గరికి వద్దాం. ఇంత సందడి చేసిన ఈ మార్పిడి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఇంజన్లతో ఆగిపోయింది. నాకు మొదట చివుక్కుమంది. పట్టుచీర చిరిగితే పరికిణీ, పరికిణీ పాతబడితే దిండుగలీబు కుట్టుకున్న ఇళ్లలో పెరిగినవాళ్లం కదా! కానీ కొత్తగా వస్తున్న ఇంజన్ల లెక్క చూస్తే కోపం చల్లారింది. డబ్ల్యుఎజి-9 ఒక్కటే 6,000 అశ్వశక్తిది. పల్లంలో దిగేటప్పుడు బ్రేకు వేస్తే దాని మోటార్లే కరెంటు పుట్టించి తీగకు తిరిగి ఇస్తాయి. బీహారులోని మాధేపురాలో తయారయ్యే జంట ఇంజనుది 12,000. సగం వయసు అయిపోయిన శరీరంలో కొత్త గుండె పెట్టినా మిగిలిన ఆయుష్షు ఆ సగమే. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాడితో గీచిగీచి బేరమాడినవాళ్లకు ఏది మార్చాలో, ఏది మరమ్మతు చేయించాలో ఒకరు చెప్పనక్కర్లేదు.

అసలు మారింది ఇంజన్లకన్నా షెడ్లు. గుత్తి, కాజీపేట డీజిలు షెడ్లలో చేతులంతా నూనె చేసుకుని సిలిండర్లు విప్పిన కార్మికుల ముందుకు కరెంటింజన్లు వచ్చి నిలబడ్డాయి. చప్పుడు విని జబ్బు చెప్పగల మెకానిక్కు చప్పుడే లేని యంత్రాన్ని ఇస్తే ఎలా ఉంటుంది? కట్టెలపొయ్యి మీద మంట రంగు చూసి అన్నం దించే అమ్మమ్మకు గాస్‌స్టవ్వు అప్పగించినప్పుడు ఆవిడ మొహం మీకు గుర్తుండే ఉంటుంది. నెల తిరక్కుండా ఆవిడే ఇంకొకరికి నేర్పింది. వీళ్లూ నేర్చుకున్నారు.

పొగ మాత్రం పూర్తిగా మాయమైందని సంబరపడకండి. సింగరేణి బొగ్గును గూడ్సుబండి రామగుండం మోస్తుంది, రామగుండం దాన్ని కాల్చి కరెంటు చేస్తుంది, ఆ కరెంటే మళ్లీ గూడ్సుబండిని లాగుతుంది. పొగగొట్టం రైలు మీంచి దిగి ఒకచోట స్థిరనివాసం ఏర్పరచుకుంది. అక్కడ కొంత సౌరవిద్యుత్తూ వచ్చి చేరుతోంది, నయమే.

2020లో వారణాసి కార్ఖానా పేరులోంచి ‘డీజిల్’ తీసేసి బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అన్నారు. అప్పటికే అక్కడ కరెంటింజన్ల తయారీ జోరందుకుంది. అదే ఏడు మన డీజిలింజన్లు పది బంగ్లాదేశ్ వెళ్లాయి. అక్కడ పట్టాల మీద తీగల్లేవు. పేరు మార్చుకున్న ఆ కార్ఖానా కూడా డీజిలింజను చేతిపని మరిచిపోలేదు. మొజాంబిక్ దేశం అడిగితే కొత్తవి చేసి ఓడెక్కించింది.