నలుపు తెలుపుల వెన్నెల

కొత్త చిత్రము విడుదలైనప్పుడెల్ల పాతవానితో తూచి చూచుట మాబోటి సినిమాప్రియులకు అలవాటు. 2010లో ఆ తూనిక వింతగా పరిణమించినది. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావారు 1957లో అందించిన ‘మాయాబజార్’కు రంగులద్ది మరల విడుదల చేసినారు.

ఆ చిత్రమును ఎరుగని పిల్లలును థియేటరులకు వచ్చినారు, సంతోషమే. ఘటోత్కచుని లడ్డూలకు రంగు శోభించినది కూడ! కాని నౌకావిహారపు వెన్నెల వద్ద మాకు వెలితి తోచినది. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారు నీటి తళుకును, ముఖములపై సన్నని కాంతిని వెలుగునీడలతోనే కల్పించినారు. రంగు పడగానే ఆ నీడలు పలుచబడినవి. కావున నలుపు తెలుపుల ప్రతిని భద్రముగా కాపాడవలెనని మా కోరిక.

రంగులద్దుటకైనను ఫిలిము మిగిలియుండవలెను గదా! హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’, మన తొలి పూర్తి నిడివి టాకీ, 1932లో వెలువడినది. నేడు దాని ప్రతి లభ్యము కాదు. రఘుపతి వెంకయ్యగారి కాలపు మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’కును అదే గతి పట్టినది. ఆనాటి నైట్రేటు ఫిలిము ఇట్టే అంటుకొనునది, నిలువయుంచినను చెడునది. ఆ ప్రహ్లాదుడెట్లుండెనో తెలిసికొనుటకు నాటి ప్రకటనలు, ఛాయాచిత్రములే మనకు దిక్కు.