రెండక్షరముల మహారణ్యము

ఖమ్మమునుండి భద్రాచలమునకు బోవువారికి టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల యడవులు నేటికిని గానవచ్చును. ఈ ప్రాంతపు టడవులను గూర్చిన పురాతనవాక్య మొకటి చీనాక్షరములలో నిలిచియున్నదనిన చదువరులలో గొందఱు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వినవారమే.

క్రీ. శ. 639 ప్రాంతమున మన దేశమునకు వచ్చిన బౌద్ధయాత్రికుడు హ్యూన్‌త్సాంగు, దక్షిణకోసలమునుండి మహారణ్యములో దక్షిణముగా 900 'లీ'లకు బైగా నడచిన నాంధ్రదేశము వచ్చునని 646లో ముగిసిన తన గ్రంథమున వ్రాయించెను. లీ యన చీనావారి దూరమానము. ఆ కోసలరాజధాని యెక్కడిదో పండితు లింకను దగవులాడుచునే యున్నారు. ఆంధ్రరాజధాని వేంగి యనుట కెక్కువమంది సమ్మతించిరి. అది యేలూరి చెంతనున్న పెదవేగి. ఉత్తరమునుండి యచ్చటికి రావలసినవానికి గోదావరిని దాటుటయు, భద్రాచలము ఖమ్మముల నడిమి యడవినో దాని పొరుగడవినో చొచ్చుటయు దప్పదు.

మూలమున మహారణ్యమునకు రెండే యక్షరములు. మొదటిది 'పెద్ద'. కాళ్లు చేతులు చాచి నిలిచిన మనుష్యుని రూపమది, మూడు గీతలు. రెండవది 'అడవి'. చెట్టు గుఱుతును ప్రక్కప్రక్కన రెండుమాఱులు వ్రాసిన నడవి యగును. చెట్టునకు నాలుగు గీతలు: ముందు అడ్డగీత, పిమ్మట నిలువుగీత, ఆవల నెడమకు జాఱునది, తుదకు గుడికి జాఱునది. మేము కుంచె పట్టిన మొదటిదినమున రెండు చెట్లను సమానముగా గీచి సంతోషించితిమి. కొమ్మలు కొమ్మలు తాకి చిక్కుపడినవి! ఎడమచెట్టు తన కడపటి గీతను చుక్కవలె గుదించుకొని రెండవదానికి జోటీయవలెనని తరువాత దెలిసినది. మన బాలురు పలకమీద దిద్దునపుడు అక్షరమునకు రూపు వచ్చిన జాలును. అచ్చట గీతల వరుసయు దప్పరాదు. పైనుండి క్రిందికి, ఎడమనుండి కుడికి, అడ్డము ముందు, నిలువు వెనుక. ఇది యొజ్జల చాదస్తము కాదు. వేగముగా వ్రాయునపుడు కుంచె యెత్తకుండుటచే గీతలు కలిసిపోవును. వరుస తెలిసినవాడే యా వ్రాతను జదువగలడు.

ఇంతమాత్రమున చీనాలిపి బొమ్మల లిపి యనుకొనుట పొరబాటు. 'ఆంధ్ర' యను పేరునే చూడుడు. దానిని మూడక్షరములతో వ్రాసిరి. మొదటిదాని యర్థము బల్ల, రెండవదాని యర్థము చేరుట, మూడవది వల. మనకు బల్లతోను వలతోను నేమి పని? అవి ధ్వనికొఱకు దెచ్చుకొన్నవి. మొదటి యక్షరమును విప్పిన మఱియొక చోద్యము. పైన ఇంటికప్పు, దానిక్రింద స్త్రీ. ఆ రెండును గలిసి 'నెమ్మది'. (ఈ యూహను మన సోదరీమణు లొప్పుకొందురో లేదో!) ఆ గుఱుతు 'అన్' అను ధ్వని నిచ్చును. అడుగున మఱల మన చెట్టే; బల్లను కొయ్యతో జేయుదురు గనుక నది యర్థము నిచ్చును. చీనాక్షరములలో నధికభాగ మిట్లు సగము ధ్వనికిని సగ మర్థమునకును బుట్టినవే. క్రీ. శ. 100 నాటికే షూషెన్ అను పండితుడు 9353 అక్షరములను 540 శీర్షికల క్రింద జేర్చి, వాని కట్టడమును వివరించెను.

ఇది తెలియకపోవుటచే మనకు నష్టము గలిగినది. ఈ గ్రంథమును మనవారు బీల్ దొర 1884లో ప్రకటించిన యింగ్లీషు భాషాంతరముమూలమున నెఱుగుదురు. అందు రాజధాని పేరు 'పింగ్-కి-లో'. దీనిలో వేంగి యెక్కడనున్నదని యెవ్వరికైనను దోచును. కాని యా పలుకు నవీనచీనాది. హ్యూన్‌త్సాంగు కాలమున నా మూడక్షరములను 'బెంగ్-గి-ల' యనియు, ఆంధ్రనామమును 'అన్-దత్-ల' యనియు బలికినట్లు భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. బెంగి, వేంగి యని చెవిని బడిన పిమ్మట వాదము సగము తీఱును. పరాయి లిపిలోని పేరును మఱియొక పరాయి లిపిలో జదివి మన యూరిని మనమే పోల్చుకొనలేకపోతిమి.

ఆంధ్రుల మాటతీరు మధ్యహిందూదేశమువారి దానికి భిన్నమనియు, లిపిపద్ధతి మాత్రము చాలవఱ కొక్కటే యనియు నాతడు గమనించెను. అక్షరములయందు చూపుగల మనుష్యుడు. 900 లీల యడవిలోని జనులను గూర్చి మాత్రము మాటలేదు. నేడు భద్రాచలపు మన్యమున నున్న కోయల బాస తెలుగునకు జ్ఞాతియే; దాని వాచకములును దెలుగు లిపిలోనే వచ్చినవి. కోసలమునుండి వేంగివఱకు యాత్రికునికి దారి చూపినవా రెవ్వరో, రాత్రు లెచ్చట బసచేసెనో, ఆ పంక్తిలో లేదు.