తపతీ ఒండ్రు, సూరత్ ఇటుక

తపతీ నది సముద్రంలో కలిసే చోటికి కొద్ది మైళ్ల ఎగువన, ఒండ్రు నేల మీద వెలసిన సూరత్‌కు కట్టుబడి రాయి చేరువలో దొరకదు. 1666లో ఆ రేవును చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, కలిగినవారు ఇటుకా సున్నంతో మేడలు కట్టుకొనేవారనీ, అందుకు ఖర్చు విపరీతంగా అయ్యేదనీ, కలప దమన్ నుండి ఓడల మీద వచ్చేదనీ రాశాడు. అంతకు రెండేళ్ల ముందు, 1664 జనవరిలో శివాజీ దండెత్తినప్పుడు, మొగలు సామ్రాజ్యపు ప్రధాన రేవుకు రక్షణగా ఉన్నది ఒట్టి మట్టిగోడ; తెవెనో వచ్చేనాటికి శిథిలమైన ఆ గోడ స్థానంలో దళసరి ఇటుక ప్రాకారం లేవడం మొదలైంది.

అంతటి పనికి ఇటుకలు కాల్చిన బట్టీలు నేడు కనిపించకపోవడానికి కారణం కాల్చే పద్ధతిలోనే ఉంది. ఆ కాలంలో దేశమంతటా వాడుకలో ఉన్నది ఆవం. అది విడిగా కట్టిన కట్టడం కాదు, ఎండిన పచ్చి ఇటుకలనే సందులు విడుస్తూ వరుసలుగా పేర్చి, నడుమ కట్టెలో పిడకలో ఊకో కూరి, పైన మట్టి మెత్తి, అడుగున నిప్పంటించిన గుట్ట. సెగ చాలని అంచు ఇటుకలు పాలిపోయి మెత్తగా మిగులుతాయి, సెగ మించినవి నల్లబడి వంకర తిరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తడితే కంగుమని మోగే ఎర్రటివే గోడకెక్కుతాయి. చల్లారాక ఇటుకలు బండ్లకెక్కితే ఆవమే తరలిపోయినట్లు. ఆ చోట మిగిలేవి బూడిద, ముక్కలు.

కాబట్టి ఆనాటి ఇటుకపనిని చూడదలచినవారు సమాధుల వద్దకు వెళ్లడం మేలు. 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెన్‌కూ, 1669లో మరణించిన అతని సోదరుడు జార్జికీ ఇంగ్లీషు వర్తకులు కట్టించిన గుమ్మటాల సమాధి, 1691లో మరణించిన డచ్చి అధికారి, మలబారు మొక్కలపై బృహద్గ్రంథం వెలువరించిన వాన్ రేడే సమాధి ఇటుకతో లేచి సున్నపు గచ్చు పూసుకున్నవే. గచ్చు రాలిన చోట తాపీవాడి వరుస బయటపడుతుంది; ఆ కమానుల వంపు చూస్తే రాయి లేని లోటు ఎక్కడా కనబడదు.

నివాసాల సంగతి వేరు, వాటిలో ఇటుకతోపాటు కలప కూడా విస్తారంగా ఉండేది. 1837 ఏప్రిల్‌లో రేగిన అగ్నిప్రమాదంలో వేలాది ఇళ్లు కాలిపోయాయి. తరవాతి కాలంలో బట్టీ స్వరూపమే మారింది. 1876లో బుల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపొందించిన కందకపు బట్టీలో నిప్పు చల్లారదు. నేలలో తవ్విన వలయాకారపు కందకంలో మంట క్రమంగా ముందుకు సాగుతూ ఉంటే, దాని వెనక చల్లారిన ఇటుకలను తీస్తూ, ముందు పచ్చివాటిని పేరుస్తూ, కూలీలు నెలల తరబడి ఆ మంట వెంటే తిరుగుతారు.