ప్రో కబడ్డీ లీగ్ ప్లేఆఫ్‌లలో ఉత్తమ ప్రదర్శనలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలతో సహా తెలుగు పల్లెలన్నిటికీ సుపరిచితమైన కబడ్డీ క్రీడకు 2014లో ప్రారంభమైన ప్రో కబడ్డీ లీగ్ వృత్తిక్రీడ స్థాయిని కల్పించింది. లీగ్ దశ ముగిసిన పిదప అగ్రస్థానాలలోని జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీలే ప్లేఆఫ్‌లు. ఇందులో ఓడిన జట్టుకు కోలుకునే అవకాశం స్వల్పం కనుక ఆటగాళ్ళ స్థాయిని ఇక్కడి ప్రదర్శనతో అంచనా వేయడం పరిపాటి.

'''ప్రముఖ ప్రదర్శనలు'''

* '''పర్‌దీప్ నర్వాల్''' (2017): ఎలిమినేటర్‌లో పాట్నా పైరేట్స్ 69–30 తేడాతో హర్యానా స్టీలర్స్‌ను ఓడించింది. ఇందులో నర్వాల్ 34 రైడ్ పాయింట్లు సాధించాడు. ఒకే కూతలో ఆరుగురిని ఔట్ చేసి, ఆలౌట్‌తో కలిపి 8 పాయింట్లు తెచ్చాడు. ఫైనల్లో మరో 19 పాయింట్లు సాధించి జట్టును విజేతగా నిలిపాడు.
* '''పవన్ సెహ్రావత్''' (2019 జనవరి): గుజరాత్‌పై ఫైనల్లో బెంగుళూరు బుల్స్ 38–33తో గెలుపొందగా ఇతడు 22 రైడ్ పాయింట్లు సాధించాడు.
* '''నవీన్ కుమార్''' (2019, 2022): 2019 ఫైనల్లో 18 పాయింట్లు సాధించిననూ దబాంగ్ ఢిల్లీ 34–39తో బెంగాల్ వారియర్స్ చేతిలో ఓడింది. 2022 ఫైనల్లో 13 పాయింట్లతో 37–36 విజయంలో పాలుపంచుకున్నాడు.
* '''ఫజల్ అత్రాచలి''': ఇరాన్‌కు చెందిన ఈ డిఫెండర్ 2015లో యు ముంబా, 2016లో పాట్నా, 2025లో ఢిల్లీ జట్లతో టైటిల్ గెలిచాడు.

'''క్రమనిర్ణయంలో ఇబ్బందులు'''

కొలమానం మారితే క్రమం మారుతుంది. మొత్తం పాయింట్లను బట్టి నర్వాల్ ప్రథముడు. జట్టు పాయింట్లలో వాటాను లెక్కిస్తే సెహ్రావత్ 58 శాతం, ఓడిన నవీన్ 53 శాతం, ఎలిమినేటర్‌లో నర్వాల్ 49 శాతం. అంటే ఓడిన ఆటగాడు రెండవ స్థానానికి చేరుతాడు. పైగా ఈ రెండు లెక్కలూ కూతకు వెళ్ళేవారికే అనుకూలం. పట్టుతో ప్రత్యర్థిని నిలువరించే డిఫెండర్ విలువ పాయింట్లలో పూర్తిగా ప్రతిఫలించదు. 2024 మార్చిలో హైదరాబాదులోని గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో పుణేరి పల్టన్ 28–25 స్కోరుతోనే గెలిచింది. ఇటువంటి పోటీలలో డిఫెండర్ల పాత్ర కీలకం.

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్‌లోనూ ఇదే చర్చ ఉన్నది. వేన్ గ్రెట్జ్‌కీ ప్లేఆఫ్‌లలో 382 పాయింట్లతో అగ్రస్థానంలో ఉన్నాడు. అక్కడ ప్లేఆఫ్‌ల ఉత్తమ ఆటగాడికి 1965 నుండి కాన్ స్మైత్ ట్రోఫీ ఇస్తున్నారు. 2024లో ఈ ట్రోఫీ ఓడిన జట్టులోని కానర్ మెక్‌డేవిడ్‌కు లభించింది.

'''తెలుగు టైటాన్స్'''

తెలుగు రాష్ట్రాల జట్టైన తెలుగు టైటాన్స్ 2015లో మూడవ స్థానం పొందింది. 2016లో సెమీఫైనల్ చేరింది. అనంతరం చాలాకాలం ప్లేఆఫ్‌లకు దూరమై, 2025లో రెండవ క్వాలిఫయర్ వరకు వచ్చి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది.