భార్యకు పిస్టల్: తేలికైనదే మంచిదా?

2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ రివాల్వర్‌ను మహిళల కోసమంటూ తెచ్చింది. .32 బోర్, టైటానియం మిశ్రమలోహం, బరువు సుమారు 500 గ్రాములు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఇమిడేమాట నిజమే. కానీ తూటా అదే అయితే, ఆయుధం తేలికయ్యేకొద్దీ చేతికి తగిలే వెనుదన్ను పెరుగుతుంది. ఉక్కు ఫ్రేమ్ బరువు ఆ కుదుపును చాలావరకు మింగేస్తుంది. దాదాపు కిలో తూగే చెక్ పిస్టల్ సీజెడ్ 75 కాల్చడానికి మెత్తన అని పేరు పడింది అందుకే. అది 9 ఎంఎం. మన దగ్గర సామాన్య పౌరులకు నిషిద్ధ బోర్. కాబట్టి .32 ఉక్కు పిస్టలే మార్గం. పట్టు చేతికి కుదురుతోందా, స్లైడ్‌ను తానే వెనక్కి లాగగలదా అన్నది భర్త కాదు, ఆమే చూసుకోవాలి. లైసెన్సూ అంతే: 1959 ఆయుధాల చట్టం కింద ఆమె పేరిట విడిగా తీసుకోవాల్సిందే.