ఓపెన్ టాప్ జీపు పునరుద్ధరణ

గుడ్డ టాపున్న పాత జీపును పూర్తిగా విప్పి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించే పనిని ఓపెన్ టాప్ జీపు పునరుద్ధరణ అంటారు. మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. సీజే-3బీ రకంలో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు (2,032 మి.మీ.), ఇంజను 2.2 లీటర్ల పెట్రోలు రకం.

గోదావరి డెల్టా తీరంలో తేమ, ఉప్పుగాలి వల్ల ఛాసిస్‌కు, అడుగు రేకులకు తుప్పు త్వరగా పడుతుంది. తుప్పు రేకును కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్ కొట్టి రంగు వేయడం ఇంటి షెడ్డులోనూ సాధ్యం. 6 వోల్టుల వైరింగ్‌ను 12 వోల్టులకు మార్చడం, డిస్క్ బ్రేకులు అమర్చడం ఆధునికీకరణలో ముఖ్యమైనవి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను నియంత్రిస్తుంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకే ‘వీఏ’ అక్షరాల వింటేజ్ నంబరు లభిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000.